కట్టడం లేని మ్యూజియం కోసం న్యూ హేవెన్ దాకా

న్యూయార్కు 47వ వీధి అనగానే మనవాళ్ళకు వజ్రాల బజారు గుర్తొస్తుంది. "అటే వెళ్తున్నారుగా, దిద్దులు ఎలా ఉన్నాయో చూసి రండి" అని అక్క పనిలో పనిగా చెప్పేసింది. నాకు కావలసింది మాత్రం ఫిఫ్త్ అవెన్యూ దాటాక, తూర్పు వైపున ఉన్న 19వ నంబరు. 1920 ఏప్రిల్ 30న అక్కడి ఒక ఇంటి పై అంతస్తులో, రెండు గదుల్లో ఒక మ్యూజియం తెరిచారు. టికెట్టు 25 సెంట్లు. పేరు సొసియెతె అనొనీమ్. దాని కింద 'మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్: 1920' అని మరో పేరు. ఇప్పుడు ప్రపంచమంతా ఎరిగిన ఆ పేరుగల మ్యూజియం తలుపులు తెరిచింది 1929 నవంబరులో. అంటే పేరు ముందు పుట్టింది, మ్యూజియం తొమ్మిదేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

బావగారు ఆఫీసు భవనాల వంక ఎగాదిగా చూసి "ఇక్కడ చూడ్డానికేముందోయ్?" అన్నారు. ఏమీ లేదు. కానీ ఆ రెండు గదుల సంగతి మాత్రం దారి పొడుగునా చెప్పాను. గోడలకు నీలం ఛాయ తగిలిన తెల్లటి ఆయిల్‌క్లాత్ అంటించారు. నేలకు గీతల రబ్బరు చాప పరిచారు. చిత్రాల ఫ్రేముల చుట్టూ కాగితపు లేసు తగిలించారు. లేసు ఆలోచన ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ డ్యుషాంప్‌ది. కొత్త కళ అంటే కళ్ళెర్రజేసే పెద్దమనుషులను ఆ లేసుతో కొంచెం ఆటపట్టించాడన్నమాట. అతనూ, ఫొటోగ్రాఫర్ మాన్ రే, కాథరిన్ డ్రైయర్ కలిసి ఈ సంస్థ పెట్టారు. మొదటి ఇద్దరి పేర్లూ ఫైన్ ఆర్ట్స్ చదివిన ప్రతివాడూ చెబుతాడు. డబ్బూ, చాకిరీ, ఉత్తరాలూ, ఉపన్యాసాలూ భరించిన మూడో మనిషి పేరు అడిగితే తడుముకుంటాడు. నేను డ్రాయింగు మాస్టారుగా పనిచేసినన్నాళ్ళూ పిల్లలకు ఆవిడ పేరు చెప్పిన గుర్తు నాకూ లేదు.

గ్రాండ్ సెంట్రల్‌లో న్యూ హేవెన్ రైలెక్కాం. ఆ సంస్థ పోగుచేసిన చిత్రాలు ఇప్పుడు అక్కడి యేల్ యూనివర్సిటీలో ఉన్నాయి. సుమారు రెండు గంటల దారి.

డ్రైయర్ 1877లో బ్రూక్లిన్‌లో పుట్టింది. జర్మనీ నుంచి వచ్చి స్థిరపడ్డ కలిగిన కుటుంబం. అక్కాచెల్లెళ్ళు శ్రామిక మహిళల సంఘాల్లో పేరున్నవాళ్ళు. తాను స్త్రీల ఓటు హక్కు కోసం పనిచేసింది. బొమ్మలు వేసేది. అమెరికాకు కొత్త కళను పరిచయం చేసిన 1913 నాటి ఆర్మరీ షో అనే ప్రదర్శనలో ఆమె చిత్రాలు రెండున్నాయి. నాకు ఈవిడ మీద ఆసక్తి కలగడానికి కారణం వేరే ఉంది. 1917లో ఒక ప్రదర్శనకు ఆర్. మట్ అనే సంతకంతో మూత్రశాలలో వాడే పింగాణీ తొట్టి వచ్చింది. దాన్ని పెట్టాలా వద్దా అని నిర్వాహకులు ఓటు వేస్తే డ్రైయర్ 'వద్దు' అంది. పంపింది డ్యుషాంప్ అని అప్పటికి ఆమెకు తెలియదు. తెలిశాక ఆవిడ ముఖం తిప్పుకోలేదు. మర్నాడే తన ఇంట్లో పుస్తకాల బీరువాల పైన పెట్టుకోడానికి ఒక చిత్రం వేసిపెట్టమని అడిగిందనలేను గానీ, ఏడాది తిరగకుండానే అడిగింది. నచ్చనిదాన్ని అర్థం చేసుకుందామని కూర్చునే మనుషులు కళాసేకర్తల్లో అరుదు.

సౌత్ నార్వాక్ స్టేషన్లో రైలు ఆగింది. డాన్‌బరీ వైపు బండి మారేది ఇక్కడే. ఆ దారిలోనే వెస్ట్ రెడింగ్ ఉంది, డ్రైయర్ ఇల్లు 'ద హేవెన్' ఉన్న ఊరు. డ్యుషాంప్ ఏళ్ళ తరబడి పనిచేసి వదిలేసిన పెద్ద గాజు చిత్రం ఆమె దగ్గరుండేది. 1926లో బ్రూక్లిన్ మ్యూజియంలో పెట్టి తిరిగి పంపిస్తుంటే లారీలో రెండు పలకలూ పగిలిపోయాయి. ఆ సంగతి కొన్నేళ్ళ దాకా బయటపడనేలేదు. 1936 వేసవిలో డ్యుషాంప్ ఆమె ఇంటికి వచ్చి, ముక్కలన్నీ ఒక్కొక్కటే జతచేసి మళ్ళీ నిలబెట్టాడు. పైగా ఆ పగుళ్ళు తనకు నచ్చాయన్నాడు. "ఇన్సూరెన్సు ఎంతొచ్చిందట?" అన్నారు బావగారు. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి, లెక్క తేలనిదే నిద్రపోరు.

న్యూ హేవెన్ స్టేషన్ నుంచి చాపెల్ స్ట్రీట్ దాకా నడిచాం. యేల్ యూనివర్సిటీ ఆర్ట్ గ్యాలరీకి టికెట్టు లేదు, ఎవరైనా వెళ్ళొచ్చు. భవనం లూయీ కాన్‌ది, 1953లో తెరిచారు. అహ్మదాబాద్ ఐఐఎం కట్టిన కానే. లోపల తలెత్తి చూస్తే కాంక్రీటు కప్పంతా ముక్కోణాల గూళ్ళు. మెట్లు గుండ్రటి గోపురంలాంటి గొట్టంలో ముక్కోణంగా తిరుగుతూ పైకి పోతాయి. బావగారు చిత్రాల కంటే ఆ కప్పుకే ఎక్కువసేపు లొంగారు.

పుస్తకాల బీరువాల మీది చిత్రం ఇక్కడే ఉంది. 1918 నాటిది. డ్యుషాంప్ కాన్వాసు మీద వేసిన ఆఖరి చిత్రం. పొడవు మూడు మీటర్ల పైమాటే, ఎత్తు మాత్రం మీటరు కూడా లేదు, ఆ జాగాకు తగ్గట్టు. సైకిలు చక్రం, సీసా బిరడా తీసే తిరుగుడు కమ్మి, టోపీల కొక్కేల నీడలు వేశాడు. మధ్యలో కాన్వాసు చిరిగినట్టు భ్రమ కలిగించే బొమ్మ, ఆ చిరుగును పట్టి ఉంచినవి మాత్రం నిజం పిన్నీసులు. అందులోంచి నిజంగానే ఒక బ్రష్షు మన మీదికి పొడుచుకొచ్చింది. వేలు చూపే చేతిని బోర్డులు రాసే పెయింటరు చేత వేయించి, అతని చేత సంతకం కూడా పెట్టించాడు. "సీసాలు కడిగే బ్రష్షిది. మన సింకు దగ్గరా ఉంది" అని బావగారు తీర్పు చెప్పేశారు. తప్పేమీ లేదు. డబ్బిచ్చి వేయించుకున్న డ్రైయర్ దీన్ని జీవితాంతం తన దగ్గరే ఉంచుకుంది.

ఈ సేకరణలో వెయ్యికి పైగా కృతులున్నాయి. గోడ మీద కనిపించేది కొంచెమే. జోసెఫ్ స్టెల్లా వేసిన బ్రూక్లిన్ వంతెన ముందు కాళ్ళు కదలవు. ఉక్కు తీగలూ, దీపాలూ, చీకటీ కలిసి గుడి గర్భాలయంలా నిలబెట్టాడు. రష్యన్ చిత్రకారుడు మాలెవిచ్ వేసిన కత్తులు సానబెట్టేవాడి చిత్రం ఇంకొకటి. 1922లో బెర్లిన్‌లో రష్యన్ కళా ప్రదర్శన జరిగితే డ్రైయర్ వెళ్ళి కొన్నది ఇది. సానరాయి తిరుగుతుంటే మనిషి చేయీ, పాదమూ, మోకాలూ ముక్కలుముక్కలుగా పదిచోట్ల కనిపిస్తాయి. ఆ ఏడాది అమెరికాలో ఎవరికీ ఆ పేరు నోరు తిరగదు కూడా. మరుసటి ఏడు కాందిన్‌స్కీకి, 1924లో పాల్ క్లేకి అమెరికాలో మొదటి ఏకవ్యక్తి ప్రదర్శనలు పెట్టింది ఈ సంస్థే.

అయితే నైరూప్య చిత్రాలు గోడకు తగిలిస్తే చాలదని ఆవిడకు తెలుసు. బ్రూక్లిన్‌లో 1926 నవంబరులో మొదలైన ప్రదర్శనలో 300కు పైగా కృతులున్నాయి. మాండ్రియన్ అమెరికాలో తొలిసారి కనిపించింది అక్కడే. నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, నాలుగు గదులను మామూలు ఇంటి గదుల్లా అమర్చారు. హాలు, భోజనాల గది, పుస్తకాల గది, పడకగది. అబ్రహామ్ అండ్ స్ట్రాస్ అనే డిపార్ట్‌మెంట్ స్టోరు నుంచి సోఫాలూ మంచాలూ తెప్పించి, వాటి పైన గోడలకు కొత్త చిత్రాలు పెట్టారు. 'మీ ఇంట్లో ఇలా ఉంటుంది' అని చూపించడం. నేనెరిగినంతలో ఏ కళావిమర్శకుడి వ్యాసమూ ఇంతకంటే సూటిగా పనిచేసి ఉండదు.

ఇక్కడే నా పేచీ కూడా చెప్పాలి. సేకరణంతా రత్నాలే కావు. కొన్ని చిత్రాలు ఒట్టి అనుకరణలు, కొన్ని వేసినవాళ్ళ పేర్లు కళాచరిత్రలో మళ్ళీ వినపడలేదు. మొదట చిరాకేసింది. రెండో గది దాటేసరికి ఆ చిరాకు పోయింది. చిత్రకారిణి హిల్లా రీబే, ధనికుడు గుగ్గెన్‌హైమ్ గారి డబ్బుతో 1939లో 54వ వీధిలో పెట్టిన మ్యూజియం ఒక నమ్మకానికి కట్టిన ఆలయం. బాఖ్ సంగీతం వినిపించేవారట అందులో. డ్రైయర్‌ది అలాంటి వడపోత కాదు. తన కాలంలో కొత్త దారిలో నడవబోయినవాళ్ళందరినీ హాజరుపట్టీలో వేసుకుంది, ఎవరు నెగ్గుతారో తేల్చలేదు. చరిత్ర రాసేవాడికి ఈ పట్టీయే ఎక్కువ ఉపయోగం.

వెస్ట్ రెడింగ్ ఇంటినే మ్యూజియం చేయాలని ఆవిడ ఆశ. ఇల్లు నడిపే ఖర్చు తమ వల్ల కాదని యేల్ చెప్పింది. చివరికి 1941లో ఇల్లు లేకుండా సేకరణ మాత్రం ఇచ్చేసింది. 1950లో సంస్థను మూసేశారు. 1952 మార్చిలో ఆమె పోయింది. సొంతానికి ఉంచుకున్నవాటిని పంచే బాధ్యత డ్యుషాంప్ మీద పడింది. పగిలి అతుక్కున్న గాజు చిత్రం ఫిలడెల్ఫియాకు వెళ్ళింది. మరికొన్ని న్యూయార్కు 53వ వీధిలోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌కు.

మర్నాడు ఆ 53వ వీధికే వెళ్ళాం. పెద్దవాళ్ళకు తలా 30 డాలర్లు. బావగారు ఈసారి నోరెత్తలేదు, కార్డు తీసి గీశారు. పైన డ్యుషాంప్ గాజు పలక ఒకటుంది. ఒంటికన్ను దగ్గరగా పెట్టి, దాదాపు గంటసేపు చూడమని అతనే పేరులో రాశాడు. పక్కన గోడ మీద చిన్న అక్షరాల్లో కాథరిన్ ఎస్. డ్రైయర్ వీలునామా ద్వారా వచ్చిందనీ, 1953 అనీ ఉంది. బావగారు వంగి చదివి, "పేరు తీసుకున్నవాళ్ళకే ఆస్తి కూడా రాసిందన్నమాట!" అన్నారు. గంటసేపు కాదు గానీ ఆ గాజు ముందు ఆయన నాకంటే ఎక్కువసేపే నిలబడ్డారు.