రెండేళ్ల లెక్క

మొన్న ఒక ఇంటర్వ్యూలో నా పేపర్లో ఏముందో ఒక్కరూ అడగలేదు. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్ పేపర్లను సగటున ఎన్నిసార్లు సైట్ చేశారో, అంటే ఉదహరించారో చెప్పే అంకె) ఎంత అనే అడిగారు. చాలా బాధేసింది.

ఈరోజు మైనస్ 80 ఫ్రీజర్‌లోంచి కీయో కలెక్షన్ అనే బాక్టీరియా సేకరణలోని స్ట్రెయిన్ (రకం) ఒకటి తీసి కనమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న ప్లేటు మీద గీశాను. ఈ.కోలై అనే బాక్టీరియాలో 3,985 జీన్లను ఒక్కో స్ట్రెయిన్‌లో ఒక్కోటి చొప్పున తీసేసి, జపాన్ వాళ్లు ఎంతో ఓపికగా చేసిన పని అది. ఆ పేపర్ మాలిక్యులర్ సిస్టమ్స్ బయాలజీలో 2006లో వచ్చింది. ఇప్పటికీ సైట్ చేస్తూనే ఉన్నాం.

కానీ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కి అంతకుముందు రెండేళ్ల పేపర్లకు వచ్చిన సైటేషన్లే లెక్క. నేనిప్పుడు ఇచ్చే సైటేషన్ అందులో చేరనే చేరదు. అదే జర్నల్లో 2011లో వచ్చిన క్లస్టల్ ఒమేగా (ప్రోటీన్ సీక్వెన్సులను పోల్చి చూసే సాఫ్ట్‌వేర్) పేపర్‌దీ ఇదే పరిస్థితి. ఇంకా ఎంతమంది వాడుతున్నారో!

ప్లేటు 37 డిగ్రీల్లో పెట్టి వచ్చాను. పొద్దున్నకి కాలనీలు వస్తాయి.