మామ తెచ్చిన డాంకీ కాంగ్ ఆట: మరమ్మతు ఎంతవరకు వచ్చిందంటే

మా మేనమామ కువైట్ నుంచి తెచ్చిన నారింజ రంగు డాంకీ కాంగ్, అంటే చేతిలో పట్టుకుని ఆడే ఎలక్ట్రానిక్ ఆట, తిరుపతిలోని మా ఇంటి అటక మీద ట్రంకుపెట్టెలో ముప్పై ఏళ్లకు పైగా పడి ఉంది. నింటెండో సంస్థ 1982 జూన్‌లో ‘గేమ్ అండ్ వాచ్’ వరుసలో విడుదల చేసిన ఈ ఆట పుస్తకంలా మడతపడుతుంది, దీనికి పైన ఒకటి, కింద ఒకటి తెరలు ఉంటాయి. తరువాతి కాలపు ఆట యంత్రాలలో చాలావాటికి అలవాటైపోయిన ప్లస్ ఆకారపు మీటను నింటెండో ఇంజినీరు గున్‌పే యొకోయి మొదట ఈ ఆటకే అమర్చారు.

మొదటి ఆదివారం సెల్లుల గది మూత తీయగానే రెండు ఎల్‌ఆర్44 గుండీ సెల్లులూ కారిపోయి, వాటిని తాకే రేకులకు పచ్చటి చిలుము పట్టి కనిపించింది. గాంధీ రోడ్డులో వాచీలు బాగుచేసే పెద్దాయనకు చూపించగా, “రేకు పోలేదు సార్, గీకొద్దండి, నిమ్మరసంతో తుడిచి బాగా ఆరనివ్వండి” అన్నారు. కారినది క్షారం కాబట్టి పులుపు దానిని విరుస్తుంది. దూదిపుల్లతో మూడుసార్లు తుడిచి, ఆ తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పులుపు మిగలకుండా శుభ్రం చేసి, కొత్త సెల్లులు వేసి మీటర్‌తో చూస్తే రేకుల మధ్య 3 వోల్టులకు కొంచెం పైగానే వచ్చింది. కింది తెర వెంటనే పలికింది. పై తెర మాత్రం కాలిన పాలమీగడలా గోధుమ రంగుకు తిరిగి, మూత విప్పితే వెనిగర్ వాసన కొట్టింది.

ఆ వాసన గాజుకు అంటించిన పోలరైజర్ పొరది, అంటే వెలుగును ఒక దిశలోనే పోనిచ్చి బొమ్మలు కనబడేలా చేసే పల్చటి పొరది. వేడికీ తేమకూ ఆ పొర విరిగి ఆమ్లం వదులుతుంది, మా ఊరి వేసవిలో రేకుల కప్పు కింది అటక ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. పాత పొరను ఒక మూల నుంచి ప్లాస్టిక్ ముక్కతో మెల్లగా లేపి, మిగిలిన జిగురును ఆల్కహాల్‌తో నానబెట్టి తీయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. కొత్త పొరను కత్తిరించే ముందు ఆటను నడుపుతూ గాజు మీద ఆనించి తిప్పి చూడాలి: సరైన కోణంలో లేత నేల మీద నల్లటి బొమ్మలు వస్తాయి, దానికి 90 డిగ్రీలు తిప్పితే నల్లటి నేల మీద లేత బొమ్మలు వస్తాయి. తొందరపడి మొదటి ముక్కను అడ్డంగా కత్తిరించి పారేసుకున్నాను.

పొర మార్చాక కూడా పై తెరలో, ఆటలో హీరో మారియో దూకి పట్టుకోవలసిన క్రేన్ కొక్కెం ఒక చోట కనబడలేదు. ఏయే బొమ్మలు ఎక్కడెక్కడ ఉండాలో సరిచూసుకోవడానికి స్నేహితుడి దగ్గర నుంచి, 2006లో జపాన్‌లో క్లబ్ నింటెండో అనే ఆ సంస్థ వినియోగదారుల పథకం సభ్యులకు ఇచ్చిన, నింటెండో డీఎస్ అనే చేతి ఆట యంత్రంలో ఆడే పాత ఆటల సంపుటిని తెచ్చుకున్నాను. అందులో ఈ ఆటతో పాటు ఆయిల్ పానిక్, గ్రీన్ హౌస్ కూడా ఉన్నాయి. డీఎస్‌కూ రెండు తెరలు ఉండడం వలన ఆట మొత్తం యథాస్థానంలో కనిపిస్తుంది, అందుకే నింటెండో పాత యంత్రం గేమ్ బాయ్‌లో ఒకే తెరకు సర్దిన పునర్ముద్రణ కన్నా ఇదే నాకు నమ్మకమైన నమూనా అనిపించింది. 2020లో వచ్చిన రంగు తెర గేమ్ అండ్ వాచ్‌లో బాల్ ఆట ఉంది గాని ఇది లేదు. అయితే డీఎస్ తెర తన వెలుగుతో తాను వెలుగుతుంది. అసలు ఆటను కిటికీ దగ్గర పట్టుకుని కొద్దిగా పక్కకు వంచితే, మారియో నీడ తెర వెనుక వెలుగును తిప్పికొట్టే రేకు మీద పడుతుంది. ఈ నీడ కోసమే ఇంత శ్రమ పడుతున్నానని మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

తప్పు గాజుది కాదని తేలింది. ఆటను నడిపే షార్ప్ ఎస్ఎం510 చిప్పు కింది సగంలో ఉంటుంది, పై తెరకు సంకేతాలు కీలు గుండా వెళ్లే పల్చటి పట్టీ ద్వారానే అందుతాయి. మూతను సగం తెరిచి ఉంచితే ఆ కొక్కెం కనబడుతోంది, పూర్తిగా తెరిస్తే మాయమవుతోంది. ఆ పట్టీ వేడితో అతికినది కాబట్టి సోల్డరింగ్ ఇనుము దగ్గరకు తీసుకుపోదలచుకోలేదు. చివరను పట్టి ఉంచడానికి సన్నటి నురుగు ముక్క ఒకటి పెట్టాను, మూతను మూడు వంతుల వరకు తెరిచి ఆడితే కొక్కెం అన్ని చోట్లా కనబడుతోంది. ఆట లేనప్పుడు సెల్లులు తీసి, ఆటను అటక మీద కాకుండా బీరువాలో పెడుతున్నాను. వచ్చే వారం మామ వచ్చినప్పుడు ఆడించి చూస్తాను. పట్టీ అప్పటికీ నిలబడకపోతే, విడిభాగాల కోసం చెడిపోయిన మరొక ఆటను వెతకాలి.