ఎముకల నొప్పులన్నీ ఫ్లోరైడ్ నొప్పులు కావు

మా నల్లగొండ జిల్లాలో ఎవరైనా నడుము నొప్పి అన్నారంటే, అది ఎప్పటి నుంచి అని అడగకముందే చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగారని అడుగుతారు. ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును ఎన్నో రెట్లు దాటిన ఊళ్లు ఉండేవి. వంగిపోయిన నడుములను, గారపట్టిన పళ్లను, పక్కకు తిరగని మెడలను చూస్తూ పెరిగిన తరం మాది. పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించినప్పుడు దానికి మా జిల్లా పేరే పెట్టారు. కాబట్టి యాభై రెండేళ్ల వయసులో నాకు నడుము పట్టుకున్నప్పుడు ఇంట్లోవాళ్లు, బడిలో తోటి టీచర్లు, మొదట చూసిన డాక్టరు కూడా ఒకే మాట అన్నారు: "ఇది నీళ్ల నొప్పి, ఓర్చుకోవాలె, దీనికి మందు లేదు."

నొప్పి పెద్దదైంది బట్టలు ఆరేసే వేళ. తడి దుప్పట్లున్న బకెట్‌ను వంగి ఎత్తబోతుంటే వీపు కింది భాగంలో ఏదో పటుక్కుమన్నట్టయింది. ఆ క్షణం నుంచి పక్కటెముకల చుట్టూ గట్టిగా పట్టీ బిగించినట్టు నొప్పి ముందుకు పాకింది. పడుకుంటే కొంత నయంగా ఉండేది, లేచి నిలబడితే మళ్లీ మొదలయ్యేది, దగ్గు వస్తే ప్రాణం పోయినంత పనయ్యేది. మంచం మీద ఒత్తిగిలాలన్నా మా వారి చెయ్యి కావలసివచ్చేది. నొప్పి తగ్గేందుకు సూదిమందులు, నడుముకు బెల్టు ఇచ్చి పంపించారు తప్ప ఎక్స్-రే తీయించాలని అప్పుడు ఎవరూ అనలేదు.

ఈ లోపల మా అమ్మాయి ఒక విషయం గమనించింది. నేను ఎప్పటిలాగే చీర కట్టుకుంటున్నా కుచ్చిళ్లు నేలకు రాసుకుంటున్నాయి. "అమ్మా, నువ్వు పొట్టిగయినట్టున్నవ్, హైదరాబాద్‌లో చూపించుకుందాం పా" అని పట్టుబట్టి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరుగారు ముందుగా నన్ను గోడకు ఆనించి ఎత్తు కొలిచారు. ఉద్యోగంలో చేరినప్పటి మెడికల్ సర్టిఫికెట్‌లో ఉన్న ఎత్తుకంటే నాలుగు సెంటీమీటర్లు తక్కువ తేలింది. ఆ తరువాత ఆయన నీళ్ల సంగతి కాకుండా, "అమ్మా, నెలసరి ఏ వయసులో ఆగింది?" అని అడిగారు. ముప్పై ఆరేళ్లకే గర్భసంచి తీయించారని చెప్పి పాత డిశ్చార్జి కాగితం చూపిస్తే, అందులో రెండు అండాశయాలూ తీసేసినట్టు రాసి ఉంది. ఆపరేషన్‌కు ముందు గానీ తరువాత గానీ ఆ సంగతి నాకు విడమరచి చెప్పినవారు లేరు.

ఎముక ఒకసారి పెరిగి ఊరుకునే వస్తువు కాదని ఆయన వివరించారు. పాత ఎముకను తవ్వి తీసే కణాలు ఒకవైపు, కొత్త ఎముకను పేర్చే కణాలు ఇంకోవైపు జీవితమంతా పనిచేస్తూనే ఉంటాయి. ముప్పై ఏళ్ల దాకా పేర్చేది ఎక్కువ, ఆ తరువాత మెల్లగా తీసేది ఎక్కువ అవుతుంది. అండాశయాలు ఇచ్చే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఆ తవ్వే కణాలను అదుపులో ఉంచుతుంది. నెలసరి ఆగిన మొదటి అయిదు నుంచి ఏడేళ్లలోనే ఎముక బరువులో ఐదో వంతు దాకా పోవచ్చు. చాలామంది స్త్రీలకు ఇది నలభై ఆరు, నలభై ఏడేళ్లు దాటాక మొదలైతే, నా వంటివారికి పదేళ్లు ముందే మొదలవుతుంది. దేశంలో గర్భసంచి తొలగింపు ఎక్కువగా జరుగుతున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. తెల్లబట్టకూ, అధిక రక్తస్రావానికీ వేరే వైద్యం ప్రయత్నించకుండానే పల్లెల్లో ఆపరేషన్ చేయిస్తున్న తీరును తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఎందుకంటే దాని ఖర్చును ఆ స్త్రీల వెన్నెముకలు పదిహేనేళ్ల తరువాత కడుతున్నాయి.

ఎక్స్-రేలో ఛాతీ భాగంలోని పన్నెండో వెన్నుపూస ముందువైపు కుంగిపోయి, పక్క నుంచి చూస్తే ముందు పలచగా, వెనుక మందంగా కనిపించింది. ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌లో నడుము దగ్గర టీ-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకలతో పోల్చి వేసే అంకె, మైనస్ 2.9 వచ్చింది. మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు (ఆస్టియోపోరోసిస్) లెక్క. మాది నల్లగొండ అని చెప్పినందువల్ల ఆయన మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించారు, ముంజేతికి కూడా ఎక్స్-రే తీయించారు. ముంజేతిలోని రెండు ఎముకల నడుమ ఉండే పొరలో సున్నం పేరుకుంటే అది ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బుకు గుర్తు. నాకు ఆ గుర్తు లేదు.

ఇక్కడ మా జిల్లావాళ్లు తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. ఫ్లోరైడ్ ఎముకను స్కాన్‌లో చిక్కగా చూపిస్తుంది గానీ గట్టిగా చేయదు. ఒకప్పుడు ఎముకలు గుల్లబారినవారికి సోడియం ఫ్లోరైడ్‌నే మందుగా ఇచ్చి చూశారు. 1990లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో వెన్నుపూసల సాంద్రత బాగా పెరిగినా, మిగతా ఎముకలు విరగడం తగ్గకపోగా ఎక్కువైందని తేలింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970ల ఆరంభంలోనే ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడంతో పాటు ఎముకలు గుల్లబారడాన్నీ నమోదు చేశారు. అంటే రెండు జబ్బులూ ఒకే మనిషికి ఉండవచ్చు. ఒకటి ఉందనో, ఉన్నదనుకునో రెండోదాన్ని చూడకుండా వదిలేయడం ప్రమాదం. గుల్లబారిన ఎముకకు మందు ఉంది కాబట్టి ఆ ప్రమాదం మరీ పెద్దది.

నాకు ఇచ్చిన మందు వారానికి ఒకసారి వేసుకునే అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర. దానికంటే ముందు మూత్రపిండాల పరీక్ష చేయించారు, పుచ్చిన పన్ను ఉంటే ముందే తీయించుకోమన్నారు. ఆదివారం పొద్దున్నే పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో మాత్ర మింగి, అరగంట దాకా పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. మాత్ర అన్నవాహికలో ఆగితే పుండు పడుతుంది కాబట్టి ఈ నియమంలో సడలింపు లేదు. ఆ అరగంటా చాయ్ వాసన వస్తున్నా వాకిట్లో తిరుగుతూ గడిపేదాన్ని. విటమిన్ డి కూడా బాగా తక్కువగా ఉండడంతో కొన్ని వారాల పాటు వారానికి 60,000 యూనిట్లు ఇచ్చారు. ఇంత ఎండలో బతికే మనకు ఆ లోపం ఏమిటని అడిగితే, తరగతి గదిలో, వంటింట్లో, నిండుగా కప్పుకున్న బట్టల్లో ఉన్నవారికి ఎండ తగిలేది ఎక్కడని అన్నారు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదని కూడా అప్పుడే తెలిసింది.

తిండి సంగతి నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది. పోషకాహార నిపుణురాలు నా చేత ఒక రోజు తిన్నదంతా రాయించి లెక్క వేస్తే కాల్షియం 400 మిల్లీగ్రాములకు కూడా చేరలేదు. పెద్దలకు రోజుకు 1000, నెలసరి ఆగిన స్త్రీలకు 1200 మిల్లీగ్రాములు కావాలని మన దేశపు ప్రమాణాలు చెబుతున్నాయి. పొద్దున చాయ్, మధ్యాహ్నం అన్నం, పప్పు, పచ్చడి, రాత్రి మిగిలిన కూరతో అన్నం తినే ఇంట్లో అది అందదు. మా అత్తమ్మ తైదలు, అంటే రాగులు, నానబెట్టి మొలక కట్టి ఆరబెట్టి విసిరించేవారు. ఆ పద్ధతికే మళ్లీ వచ్చాను. మొలక కట్టితే ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్ తగ్గుతుంది. వంద గ్రాముల తైదల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తైద అంబలిలో మజ్జిగ కలుపుకుంటే ఉదయమే అందులో మంచి వంతు వస్తుంది. దానికి తోడు ఒక గ్లాసు పాలు, మధ్యాహ్నం పెరుగు, వారంలో రెండు మూడు సార్లు పెసరపప్పుతో మునగాకు, జొన్న రొట్టెలోకి నువ్వుల పొడి ఉంటాయి. నువ్వుల్లో కాల్షియం అంకె చాలా పెద్దదే అయినా పొట్టులోని ఆక్సలేట్ వల్ల అదంతా ఒంటికి పట్టదు, పాలకూరదీ అదే కథ. అందుకే పాలు, పెరుగు మానలేదు. ఎముకలో సున్నం ఒక్కటే కాదు, మాంసకృత్తుల అల్లిక కూడా ఉంటుంది కాబట్టి రోజూ గుడ్డు, గట్టి పప్పు తప్పనిసరి చేశారు. ఆవకాయ తగ్గించడమే నాకు కష్టమైంది. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం కూడా వెంట పోతుంది. భోజనం వెంటనే చాయ్ తాగడం కూడా మానేశాను. ఇంతా చేసినా తక్కువ పడిన మేరకే కాల్షియం మాత్ర, అది కూడా ఒక్కసారికి 500 మిల్లీగ్రాములకు మించకుండా.

నొప్పి సర్దుకున్నాక సాయంత్రాలు పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద నడవడం మొదలుపెట్టాను. నడక మంచిదే గానీ అది చాలదని, ఎముక మీద బరువు పడాలని ఫిజియోథెరపిస్టు చెప్పారు. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, నిండిన నీళ్ల సీసాలు చేతుల్లో పట్టుకుని ఎత్తి దించడం నేర్పించారు. నడుము ముందుకు వంచి బరువెత్తే పనులు, ముందుకు వంగే ఆసనాలు మాత్రం పూర్తిగా వద్దన్నారు. కుంగిన పూస పక్కన ఉన్న పూస ఆ వంపుకే విరగవచ్చు. ఇప్పుడు బకెట్ ఎత్తాలంటే మోకాళ్లు వంచి, వెన్ను నిటారుగా ఉంచి, ఒంటికి దగ్గరగా పట్టుకుని లేస్తాను. స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ, గడప దగ్గర లైటు పెట్టించాం.

రెండేళ్ల తరువాత స్కాన్‌లో మైనస్ 2.9 కాస్తా మైనస్ 2.4 అయ్యింది. కొత్త పూస ఏదీ విరగలేదు. పోయిన ఎత్తు తిరిగి రాదు, ఎక్కువసేపు నిలబడితే వీపు ఇప్పటికీ లాగుతుంది. అయిదేళ్లు పూర్తయ్యాక మందు ఆపవచ్చా లేదా అన్నది చూసి చెబుతామన్నారు.

మా చెల్లెలికీ ముప్పై ఎనిమిదేళ్లకే అదే ఆపరేషన్ అయింది. మోకాళ్ల నొప్పులన్నీ బోరు నీళ్ల వల్లేనని తనూ అనేది. స్కాన్ చేయిస్తే మైనస్ 1.8 వచ్చింది. తనకు ఇప్పుడే మాత్ర అక్కర్లేదని చెప్పి అంబలి, ఎండ, వ్యాయామం రాసిచ్చారు, రెండేళ్లకు మళ్లీ స్కాన్ చేయించుకోమన్నారు.