ఊరు గుర్తుంది, పేరే రావడం లేదు

మన బడి వరండాలో నిలబడి ఎవరైనా ‘యాదగిరీ’ అని కేకేస్తే ప్రతి తరగతి నుంచీ ఒకటి రెండు తలలు బయటికి వచ్చేవి. యాదగిరిగుట్ట 2016 దాకా మన నల్లగొండ జిల్లాలోదే. ఆ నరసింహస్వామికి మొక్కుకుంటే పుట్టిన వాళ్లంతా యాదగిరులు, యాదయ్యలు, నర్సింహలు, యాదమ్మలు. చెరువుగట్టు జడల రామలింగేశ్వరుడి వాటాకు లింగయ్యలు, రామలింగాలు వచ్చారు. పాలమూరు వైపు నుంచి వచ్చి హాస్టల్లో చేరిన వాళ్లలో కురుమూర్తిస్వామి పేరు పెట్టుకున్న కురుమయ్యలు ఉండేవారు. దేవుళ్లు ముగ్గురు, పిల్లలు వందలు. అందుకని పేరుకు ముందు ఊరు తగిలించేవాళ్లం: పానగల్లు యాదగిరి, తిప్పర్తి యాదగిరి. కొన్నాళ్లకు యాదగిరి కూడా జారిపోయి ఉత్త ‘తిప్పర్తి’ మిగిలేవాడు. ఇప్పుడు నాకు తిప్పర్తి గుర్తున్నాడు. అతను యాదగిరా, యాదయ్యా అంటే మాత్రం చెప్పలేను.

మన పూర్వ విద్యార్థుల సమావేశానికి తెచ్చే సంచికలో గురువుల గురించి రాయమని కమిటీ వారు అడిగితే సరేనని కాగితం ముందు పెట్టుకున్నాను. తెలుగు సారు, లెక్కల సారు, సోషల్ సారు, డ్రిల్లు సారు, సైన్సు మేడం. వారి నడక, చేతిరాత, కోపం వస్తే ముందుగా ఎర్రబడే చెవులు, అన్నీ కళ్లకు కట్టినట్టున్నాయి. పేర్లు రాయబోతే కలం కదల్లేదు. ఉద్యోగమంతా పోస్టాఫీసులో గడిపినవాణ్ణి, పేర్లతోనే బతికినవాణ్ణి, నాకు పౌరుషం వచ్చింది. తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే తేలిందేమిటంటే, ఆ పేర్లను మేం నోటితో పలికిందే తక్కువ. సారును పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికుంది? ఇంట్లోనూ అంతే. కనగల్లు అత్తమ్మ, మునుగోడు చిన్నాయన, నకిరేకల్ బావ. మా అత్తమ్మ అసలు పేరు నేను మొదటిసారి చూసింది ఆమె దినం కార్డు మీద.

మనసు మీద పరిశోధన చేసేవారు కూడా ఇలాంటి మాటే అంటున్నారు. డెబొరా బర్క్, డోనాల్డ్ మెకే తదితరులు 1991లో ప్రచురించిన వివరణ ప్రకారం, ఒక మనిషిని గురించి మనకు తెలిసిన సంగతులు ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి. వాటి నుంచి పేరు శబ్దానికి వెళ్లే దారి మాత్రం సన్నది. వాడకపోతే అది ఇంకా సన్నబడుతుంది, వయసు పైబడితే మరీను. మనిషి పోడు, సంగతులు పోవు, దారి మూసుకుపోతుంది, అంతే. 1987లో జరిగిన మరో ప్రయోగం నాకు ఇంకా నచ్చింది. ఇంగ్లీషులో బేకర్ అనేది రొట్టెలు చేసే వృత్తికీ పేరే, ఇంటిపేరు కూడా. ఇలాంటి మాటలనే కొన్ని ముఖాలకు వృత్తిగా, కొన్నిటికి ఇంటిపేరుగా చెప్పి తర్వాత అడిగితే, వృత్తిగా విన్నదే ఎక్కువగా గుర్తుందట. మన దగ్గర చూడండి, ఒకాయన పూజారి అంటే గుడి, గంట, హారతిపళ్లెం వెంటనే వచ్చేస్తాయి. ఆయన ఇంటిపేరు పూజారి అంటే ఏమొస్తుంది? ఏమీ రాదు.

మారుపేర్లు చెక్కు చెదరకుండా ఉండటానికి కారణం ఇదేనని నా అనుమానం. ప్రతి మారుపేరు వెనుకా ఓ కథ ఉంటుంది. పరీక్షలో చేతి గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూసేవాడికి ‘గడియారం’ అని పడింది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర దిగినప్పుడల్లా అతనే గుర్తుకొస్తాడు. ఆ పేరు పెట్టింది మాత్రం నేను కాదు.

మనుషుల పేర్లే కాదు, వాడకం తప్పిన మాటలూ ఇంతే. మొన్న మనవరాలికి ఎడ్లబండి గురించి చెబుతున్నాను. కాడి వచ్చింది, ఇరుసు వచ్చింది. ఇరుసుకు పూసే నల్లటి జిడ్డు దగ్గర బండి ఆగిపోయింది. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో రంగరించడం, పాత గుడ్డపీలికతో అద్దడం, చొక్కాకు అంటితే అమ్మ తిట్టే తిట్లు, ఆ వాసన, అన్నీ చెప్పాను. మాట రాలేదు. ‘క’తో మొదలవుతుందని తెలుసు, మూడక్షరాలని తెలుసు. ‘కంచెర’ అని ఒకటి అడ్డం వచ్చి కదలనంది. మర్నాడు పళ్లు తోముకుంటుంటే పిలవకుండానే వచ్చింది: కందెన! ఆముదం పంటకు పేరుపడ్డ నేల మీద పుట్టి ఆ మాట కోసం ఒక పూట తడుముకున్నాను.

మొదటి అక్షరం తెలిసి మాట తెలియకపోవడం నా ఒక్కడి సంగతి కాదు. రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అనేవారు హార్వర్డ్‌లో విద్యార్థులకు అరుదైన మాటల అర్థాలు చదివి వినిపించి, మాటేమిటో చెప్పమన్నారు. ఫలితాలు 1966లో అచ్చయ్యాయి. నోటిదాకా వచ్చి ఆగిపోయినవారు చాలాసార్లు మొదటి అక్షరాన్ని సరిగ్గానే చెప్పారు. సాంపాన్ అనే చైనా పడవ పేరు తట్టక సరోంగ్ అనీ సయామ్ అనీ అన్నారు.

ఈ సంగతి మన తెలుగు సారుకు వాళ్లకంటే ముందే తెలుసు. పద్యం అప్పజెప్పేటప్పుడు మధ్యలో మాట మరచిపోతే బెత్తం ఎత్తేవారు కాదు. ‘ఉత్పలమాల కదరా, పదో అక్షరం దగ్గర యతి. పాదం మొదట ఏముంది? ఇక్కడ దానికి జత కుదిరేదే ఉండాలి’ అనేవారు. పాదంలో రెండో అక్షరం పోతే ప్రాస చెప్పేది. మరచిన మాటకు అక్షరాన్ని పద్యమే అందించేది. పేర్లకు యతిప్రాసలు లేవు, అదే చిక్కు.

హాజరుపట్టీ మాత్రం కొంతవరకు పనిచేసింది. కమిటీ పంపిన పదో తరగతి గ్రూపు ఫోటో ముందు పెట్టుకుని, సారు పిలిచిన వరసలోనే పైకి చదవడం మొదలుపెట్టాను. ఒక్కొక్కరిని విడిగా గుర్తుచేసుకోబోతే రాని పేర్లు ఆ ఊపులో ‘ప్రెజెంట్ సార్’ అంటూ వచ్చేశాయి. ఒకచోట ఆగితే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవాణ్ణి. పక్కగదిలోంచి మా ఆవిడ తొంగిచూసి, ఎవరితో మాట్లాడుతున్నానని అడిగింది.

ఆమె భయం తీర్చడానికి డాక్టరు దగ్గరికీ వెళ్లొచ్చాం. పేరు ఆలస్యంగా వస్తే వయసు అనుకోండి, తెలిసిన దారిలో ఇల్లు తప్పిపోతే, అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంటే, రోజూ వాడే వస్తువును ఎలా వాడాలో తెలియకపోతే వెంటనే రండి అన్నారు. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, నిద్ర లేకపోయినా మతిమరుపు వస్తుందని రక్తపరీక్ష రాశారు. మన వయసు వారు ఓసారి చేయించుకుంటే పోయేదేమీ లేదు.

కమిటీకి నాదొక విన్నపం. సమావేశం రోజు చొక్కాలకు తగిలించే బ్యాడ్జీల మీద పేరొక్కటే అచ్చువేయించకండి. దాని కింద ఊరు, సెక్షను పెద్దక్షరాలతో వేయించండి. మారుపేరు ఎవరిష్టం వారిది. ఇక ఫోటోలో రెండో వరస, ఎడమ చివర, చొక్కా పై గుండీ దాకా పెట్టుకుని నిలబడ్డ సన్నటి అబ్బాయి. పానగల్లు ఉదయ సముద్రం చెరువులో మాకందరికీ ఈత నేర్పింది అతనే. కనగల్ వైపు నుంచి సైకిల్ మీద వచ్చేవాడు, చద్దిలో ఎప్పుడూ చింతకాయ తొక్కు తెచ్చేవాడు. హాజరుపట్టీ ఎన్నిసార్లు చదివినా అతని దగ్గర ఖాళీయే వస్తోంది. పేరు తెలిసినవారు కమిటీకి కబురు చేయండి. ఇది చదివేది అతనే అయితే, మొదటి అక్షరం మాత్రం చెప్పు, మిగతాది నేను చూసుకుంటాను.