మూడో బంతి

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. పక్కపక్కన మూడు గొట్టాలు, వాటిలో మూడు బంతులు. పైపు నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే బంతులు లేవాలి. మొదటిదానికి సెకనుకు 600 సీసీ, రెండోదానికి 900, మూడోదానికి 1200 అని దాని మీదే అచ్చు వేసి ఉంది. మొదటి రెండు రోజులూ నేను పీల్చడానికి బదులు ఊదాను. సంగతి తెలిసి పీల్చడం మొదలుపెట్టాక ఒకటో బంతి లేచేది, రెండోది వణికేది, మూడోది నా వంక చూసేది కూడా కాదు.

నాకు వచ్చింది న్యుమోనియా. ఎడమ ఊపిరితిత్తి కింది భాగమంతా పట్టేసింది. చుట్టూ నీరు చేరితే వీపులోంచి సూది గుచ్చి తీశారు. పదకొండు రోజులు మంచం మీద, అందులో మొదటి నాలుగు ఆక్సిజన్‌తో. ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పను. ఒళ్లు తెలియని జబ్బులో మనం పడేది తక్కువ, చుట్టూ ఉన్నవాళ్లు పడేదే ఎక్కువ. నా అసలు కష్టం నయమయ్యాక మొదలైంది.

ఎనిమిది వారాలకు ఎక్స్‌రే శుభ్రంగా వచ్చింది. అయినా పది మెట్లెక్కితే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. మాట మధ్యలో గాలి అయిపోయి ఎదుటివాళ్లే నా వాక్యం పూర్తిచేసేవారు. అదంతా విని డాక్టరు గారు చెప్పిందేమిటంటే, ఊపిరితిత్తి మీది పొర వాచి ఉన్నప్పుడు లోతుగా పీల్చిన ప్రతిసారీ పక్కలో పోటు వచ్చేది కదా, దానికి జడిసి ఒళ్లు పైపైన ఊపిరి తీయడం అలవాటు చేసుకుందట. పోటు పోయింది, అలవాటు పోలేదు. "మందుతో తీరేది కాదమ్మా, మెల్లగా కదలడం మొదలుపెట్టండి" అని ఫిజియోథెరపీ రాశారు.

ఫిజియోకు వెళుతూనే ఫోనులో వెతికాను. నిలబడ్డ చోటే నిలబడి చేతులు నెమ్మదిగా ఆడించే చీగాంగ్ అనే చైనా సాధన వీడియో ఒకటి కంటబడింది. మెట్లెక్కలేనిదానికి ఇదైతే సుఖం కదా అనిపించింది. మా ఆయన మాత్రం "పేరులోనే ఛీ ఉంది, ఇక నీ ఇష్టం" అన్నారు.

నెల రోజులు ఫోను ఎదురుగా పెట్టుకుని చేశాను. వీడియోలో నేర్పే ఆయన ఎంత వంగితే నేనూ అంత. వారం తిరక్కుండా మోకాళ్లు పట్టేశాయి. రెండో వారంలో వేళ్లకొసలు జివ్వుమనడం మొదలైంది. ఎంత సంబరపడ్డానో! 'చీ' అంటే ప్రాణశక్తి, అది పారితే వేళ్లలో తెలుస్తుందని ఆయన చెప్పి ఉన్నారు. నాకు పధ్నాలుగు రోజుల్లోనే పట్టుబడిందనుకుని ఇంకాస్త గట్టిగా పీల్చాను. ఒకరోజు పెదవుల చుట్టూ కూడా తిమ్మిరెక్కి, కళ్లకు చీకట్లు కమ్మి, నేల మీద కూలబడ్డాను.

అప్పుడు తెలిసినవాళ్ల ద్వారా టీచర్ గారి దగ్గరికి వెళ్లాను. అరవై దాటిన మనిషి, ముప్ఫై ఏళ్లుగా ఇదే పని. వెళ్లగానే ఏదో నేర్పిస్తారనుకుంటే ఏ మాత్రలు వాడుతున్నానో అడిగారు. మెట్ల దగ్గర ఏమవుతుందో, రాత్రి ఏ పక్కకు తిరిగి పడుకుంటానో అడిగారు. "మందులు మానెయ్యడానికి వచ్చుంటే మాత్రం నా దగ్గర లాభం లేదమ్మా" అన్నారు. జ్వరమొచ్చినా ఛాతీలో నొప్పొచ్చినా క్లాసుకు రావద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లమన్నారు.

నేను గర్వంగా వేళ్ల సంగతి చెప్పాను. ఆవిడ నవ్వలేదు, అదొక్కటే దయ. "అది చీ కాదు. అవసరానికి మించి గాలి తీసి వదులుతుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. తిమ్మిరి, కళ్లు తిరగడం అందుకే" అన్నారు. పోగైన నా రెండు వారాల శక్తి అక్కడితో సరి.

తర్వాత నిలబడమన్నారు. నిలబడటమే మొదటి పాఠమట, చైనాలో జాన్ జువాంగ్ అంటారు, స్తంభంలా నిలబడటం. పాదాలు భుజాలంత ఎడం, చేతులు వదులుగా, నాలుక కొస అంగిలికి ఆనించి. నేను వీడియో అలవాటుకొద్దీ మోకాళ్లు బాగా వంచాను. "వంచమనలేదమ్మా, బిగువు వదలమన్నాను" అన్నారు. ఆ రెంటికీ ఇంత తేడా ఉంటుందని నాకు నలభై ఆరేళ్లొచ్చేదాకా తెలియదు. మోకాళ్ల నొప్పి పది రోజుల్లో తగ్గింది, అదీ ఏమీ చెయ్యకుండా, చేస్తున్నది తగ్గించుకుని.

ఆవిడ చుట్టూ తిరుగుతూ చూశారు. ఒకసారి చెయ్యి లేపమన్నారు, లేపాను. ఇంకోసారి అన్నారు. మూడోసారికి చెప్పారు: "చెయ్యి కదలక ముందే మీరు ఊపిరి బిగబడుతున్నారు. ప్రతిసారీ."

కాదన్నాను. నిజంగానే కాదనుకున్నాను. మళ్లీ లేపబోయి నన్ను నేను పట్టుకున్నాను. గుక్క ఆగి ఉంది, భుజాలు చెవుల దాకా ఎక్కి ఉన్నాయి. నీళ్లగ్లాసు అందుకోవడానికీ తలుపు తీయడానికీ కూడా ఇలాగే చేస్తున్నానని ఇంటికెళ్లాక గమనించాను. ఫోనులో ఆయన నన్ను చూడలేదు కదా, ఆయనకెలా తెలుస్తుంది! అద్దంలో నేను చూసుకున్నా చేతులే చూసుకునేదాన్ని.

"చెయ్యి పెట్టొచ్చా?" అని అడిగి, వీపు మీద ఎడమ వైపు కింది పక్కటెముకల దగ్గర అరచెయ్యి ఆనించారు. సూది గుచ్చిన చోటు అదే, నేను చెప్పనే లేదు. "పీల్చకండి. వదలండి. వదిలాక అదే ఇక్కడిదాకా వస్తుంది" అన్నారు. రాలేదు. కుడిపక్క కదిలేది, ఎడమపక్క బల్లచెక్కలా ఉండేది. వారానికి రెండు క్లాసులు, ప్రతి క్లాసులో కాసేపు అదే చెయ్యి, అదే మాట. ఏమీ జరగని క్లాసులు అయిదు గడిచాయి. ఆరో క్లాసులో ఆవిడ చెయ్యి కొంచెం వెనక్కి జరిగింది. నేను జరపలేదు, ఆవిడా జరపలేదు. ఇద్దరం ఏమీ అనలేదు.

అప్పటిగ్గానీ బదువాన్‌జిన్ మొదలుపెట్టలేదు. ఎనిమిది పట్టుముక్కలని అర్థం, ఎనిమిది కదలికలు. ఈ పేరు చైనాలో సోంగ్ రాజవంశపు కాలం, అంటే ఏడువందల ఏళ్లకు పైబడిన నాటి రాతల్లోనే ఉంది. పేర్లన్నీ పాటల్లా ఉంటాయి: రెండు చేతులతో ఆకాశాన్ని ఎత్తడం, గద్దను కొట్టడానికి విల్లు లాగడం, వెనక్కి తిరిగి చూడటం. ఆఖరిది మడమలు లేపి దభీమని దించడం, ఏడుసార్లు. పిల్లలాటలా ఉండే అదే నాకు అన్నిటికంటే ఇష్టం. అయిదోది, తల ఊపి తోక ఆడించేది, నాతో నాలుగు నెలల దాకా చేయించలేదు. కూర్చున్నంత కిందికి దిగి తల వంచి తిప్పాలి, నాకసలే కళ్లు తిరిగిన చరిత్ర ఉంది. విల్లు మాత్రం రోజూ లాగించేవారు, ఎందుకంటే కుడివైపు లాగినప్పుడు ఎడమ పక్క తెరుచుకోవాలి. అది కూడా పూర్తిగా లాగనిచ్చేవారు కాదు. "మీకు వచ్చినంతలో మూడు వంతులు చాలు" అనేవారు. ఎప్పుడూ అన్నిట్లో ముందుండాలనుకునే నాలాంటిదానికి అంతకంటే శిక్ష ఉండదు.

ఆవిడ గోడకొక బొమ్మ ఉండేది, పట్టుబట్ట మీద 44 మంది మనుషులు చేతులు చాస్తూ, వంగుతూ. చైనాలోని చాంగ్షా నగరం దగ్గర మవాంగ్‌దూయి సమాధుల్లో 1970లలో బయటపడిన చిత్రపటానికి నకలు. ఆ సమాధి మూసింది క్రీ.పూ. 168లో. అన్ని వేల ఏళ్ల విద్యేనా మనం చేసేదని అడిగితే, కదలికలు పాతవే గానీ 'చీగాంగ్' అన్న పేరు ఇంతగా అందరి నోటా పడింది 1950లలోనే, ల్యూ గ్వేజెన్ అనే ఆయన వల్ల అని చెప్పారు. ఆయన కూడా కడుపులో పుండుతో బాధపడి ఈ సాధన పట్టుకున్నవాడేనట. అంటే ఆ పేరుది ఇంచుమించు మా అమ్మ వయసు. నాకెందుకో ఈ మాటతో నమ్మకం పెరిగింది.

నాలుగో నెలలో జలుబు చేసి దగ్గొచ్చింది. హడలిపోయి క్లాసుకు పరిగెత్తితే గుమ్మంలోంచే వెనక్కి పంపారు. డాక్టరు విని, ఉత్త జలుబే అన్నారు. పది రోజులు ఇంట్లో కూర్చున్నాను.

ఫిజియో వాళ్లు ఆరు నిమిషాల నడక పరీక్ష చేస్తారు, 30 మీటర్ల వరండాలో అటూ ఇటూ. మొదట్లో 290 మీటర్లకే కుర్చీ కోసం చూశాను. అయిదు నెలల తర్వాత 430 నడిచాను. ఇదంతా చీగాంగ్ ఖాతాలో వెయ్యను. ఫిజియో ఉంది, గడిచిన కాలం ఉంది. బిగబట్టిన ఊపిరి మాత్రం ఆ చెయ్యి వల్లే తెలిసింది, అందులో నాకు సందేహం లేదు.

మొన్న అలమార సర్దుతుంటే ఆ డబ్బా కనబడింది. దుమ్ము తుడిచి, కొత్త పైపు పెట్టి, ముందు మెల్లగా గాలంతా వదిలేసి, తర్వాత పీల్చాను. మూడో బంతి లేచింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంతసేపు పైన నిలిచింది కూడా.

ఆ సాయంత్రమే టీచర్ గారికి చెప్పాను. "బావుందమ్మా" అని విల్లు లాగమన్నారు. లాగాను. ఆవిడ నా వెనకాల ఎక్కడో దూరంగా ఉన్నారు, చెయ్యి కూడా పెట్టలేదు.

"మళ్లీ బిగబట్టారు" అన్నారు.