జానెడు లోతులో నీళ్లు

ఆదివారం. పొద్దెక్కేదాకా పడుకుందామనుకున్నాను. ఆరున్నరకే చిన్నాయన ఫోన్. "బాయిలో నీళ్లు దిగిపోతా ఉండాయిరా, ఒకసారి వచ్చి చూసిపో" అన్నాడు. డిసెంబరు నెలలో, వానలు వెలిసి పది రోజులు కూడా కాకముందే బావి దిగిపోవడమేంటని టెన్షన్ పట్టుకుంది. టీ కూడా తాగకుండా బండి తీశాను. తిరుపతి నుంచి చంద్రగిరి మీదుగా మా ఊరికి అరగంట.

మోటారు తప్పేమీ లేదు. బావి మెట్ల మీద తడి గీత చూస్తే తెలిసిపోయింది, నీళ్లు నాలుగు మెట్లు కిందికి పోయాయి. బావికి ఇరవై గజాల్లోనే వంక. చిన్నాయన, నేను ఏమీ మాట్లాడుకోకుండానే అటు నడిచాం.

మా వంకకు పేరు లేదు. మేం వంక అనే అంటాం. కింది ఊరివాళ్లు దాన్ని మా ఊరి పేరు పెట్టి పిలుస్తారు. వాళ్ల కింద ఊళ్లో అది వాళ్ల ఊరి వంక అవుతుంది. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మొరవ దగ్గర మొదలై వరి మళ్లు, చెరకు తోటలు, మామిడి తోపుల మధ్య మెలికలు తిరుగుతూ స్వర్ణముఖిలో కలుస్తుంది. స్వర్ణముఖి తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా బంగాళాఖాతానికి పోతుంది. ఆ లెక్కన మా మడిలోంచి జారిన నీళ్లు సముద్రం చేరాలి. కానీ చాలావరకు దారిలోనే ఇసుకలో ఇంకిపోతాయి. నాకు అదే ఇష్టం. ఇంకిన నీళ్లే కదా మా బావుల్లోకి వచ్చేది! మా వైపు నైరుతి వానలు నేలను తడిపి పోతాయి. వంక పారేది మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య వానలకే. ఆ మూడు నెలల నీళ్లను ఎంతకాలం ఆపుకోగలిగితే అంతవరకే మా వ్యవసాయం.

పోయిన ఎండాకాలం బావి ముందర వంకను జేసీబీతో తిన్నగా చేశారు. మలుపులు కొట్టేశారు, తుంగ పీకేశారు, గట్టు మీది కానుగ చెట్లు తీసేశారు. అడిగింది మేమే. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగినప్పుడు మా మళ్లన్నీ మునిగిపోయాయి. నీళ్లు తొందరగా పోతే చాలనుకున్నాం. ఆ భయం అబద్ధం కాదు, అందుకే ఎవరినీ తప్పు పట్టలేను. అలా అడుగుతూ పెట్టిన కాగితం మీద చిన్నాయన సంతకం కూడా ఉంది.

ఇవాళ ఆ తిన్నటి ముక్కలో ఒక్క గుంటలోనే నీళ్లున్నాయి. దాని మీద పచ్చటి పాకుడు. పై మళ్లకు చల్లిన యూరియా వానతో కలిసి వచ్చింది, నీడ లేదు, ఎండ నేరుగా పడుతోంది. పాకుడు పెరగక ఏం చేస్తుంది? పొద్దున్నే కావడంతో చిన్న చిన్న పరకలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పాకుడు పగలు నీటిలోకి ప్రాణవాయువు వదులుతుంది, రాత్రంతా తానే పీల్చుకుంటుంది. తెల్లారేసరికి చేపలకు మిగిలేది కొంచెమే. చూస్తూ నిలబడలేకపోయాను.

అక్కడే మోకాళ్ల మీద కూర్చుని చేత్తో చెలమ తవ్వాను. మూరెడు లోతు పోయినా గట్టి మట్టే, తడి లేదు. ఇసుకంతా జేసీబీ బకెట్లలో ట్రాక్టర్లకు ఎక్కి వెళ్లిపోయింది.

పైకి నడిచాం. జేసీబీ పోని చోట, పాత మలుపు దగ్గర, గాలే వేరుగా ఉంది. కానుగ కొమ్మలు రెండు గట్ల నుంచి కలిసిపోయాయి, కింద మోకాలి లోతు నీళ్లు అద్దంలా ఉన్నాయి. మలుపు బయటి గట్టు వైపు నీళ్లు వేగంగా పోయి మడుగు తవ్వుతాయి, లోపలి వైపు నెమ్మదించి ఇసుక దించుతాయి. ఆ ఇసుకలో దాదాపు మూడో వంతు ఖాళీయే. అందులోనే నీళ్లు దాక్కుంటాయి. అక్కడ చెలమ తవ్వితే జానెడుకే ఊట వచ్చింది. ముందు మసకగా, కాసేపటికి తేటగా. దోసిలితో ముఖం కడుక్కున్నాను.

తుంగ మొదట్లో వండు మట్టి పట్టి ఆగింది. ఎండ్రకాయ బొరియలు, నత్తలు. ఈత చెట్టు మట్టకు గిజిగాడి గూళ్లు ఖాళీగా నీళ్ల మీదికి వేలాడుతున్నాయి, పిల్లలు ఎగిరిపోయి చాలా రోజులైనట్టుంది. లకుముకి పిట్ట ఒకటి కానుగ కొమ్మ మీంచి మడుగులోకి రాయిలా పడి, చేపతో లేచింది. తూనీగలైతే లెక్కలేదు. వాటి పిల్లలు నీళ్లలో ఉన్నంతకాలం దోమ పిల్లల్ని తింటాయని చెబితే చిన్నాయన ఆశ్చర్యపోయాడు. తర్వాత ఆయనే నాకు చెప్పాడు, ఆయన చిన్నప్పుడు నాట్లకు ముందు ఈ కానుగాకే కోసి మళ్లలో తొక్కేవాళ్లట. యూరియా బస్తా ఊళ్లోకి రాకముందు మాట.

చెలమ వైపు చాలాసేపు చూశాడు. "మన బాయికి నీళ్లు ఈడ్నుంచే వచ్చేవిరా. మనమే తెంపుకున్నాం" అన్నాడు. గొంతు వణికింది. డెబ్బై దాటిన మనిషి, ఆ మాట అనేసరికి నాకు కళ్లు తిరిగినట్టయింది.

వరద భయానికి మందు ఉంది. మలుపులు ఉండనిచ్చి, గట్టు పక్కన పల్లపు మడి ఒకటి వరద నీళ్లకు వదలాలి. ఆ పల్లపు మడి మాదే అయితే? మధ్యాహ్నం అన్నం తింటూ అదే అడిగాను. చిన్నమ్మ గిన్నె దించి, "ఆ మడి మీద ఎన్ని మూటలు వస్తాయో నీకేం తెలుసు నాయనా" అంది. నిజమే. ఆవిడను ఒప్పించాలంటే లెక్క చూపించాలి.

మూడింటికి మలుపు దగ్గరి పొదలోంచి వావిలి కొమ్మలు నరుక్కొచ్చాం. వావిలి కొమ్మ గుచ్చితే బతుకుతుంది, వేళ్లు గట్టును పట్టుకుంటాయి. తిన్నటి ముక్కకు రెండు పక్కలా నలభై గుచ్చాం. చిన్నాయన ఒక్కోటి పాతి చుట్టూ కాలితో తొక్కాడు, నేను బిందెతో నీళ్లు మోశాను. గుంటలోని పరకలను అందినన్ని అదే బిందెలో పట్టి మలుపు మడుగులో వదిలాం.

ఇప్పుడు రాత్రి పదయింది. చేతులు రెండుసార్లు కడుక్కున్నా వావిలాకు వాసన పోలేదు. వచ్చే ఆదివారం మళ్లీ పోవాలి. రెండు చెలమలూ అలాగే ఉంచాం, లోతు కొలవడానికి పుల్లకు గీతలు పెట్టమని చిన్నాయనకు చెప్పి వచ్చాను.