అమ్మనివాడికి పడిన రేటు

అనంతపురం నుంచి హిందూపురానికి ఎక్స్‌ప్రెస్ దొరక్క పల్లెవెలుగు ఎక్కాను. రాప్తాడు దాటకముందే విసుగొచ్చింది. చెన్నేకొత్తపల్లిలో టీ 15 రూపాయలు, రెండు గుక్కలకు మించి లేదు.

అక్కడ ఎక్కిన పెద్దాయన నా పక్కన కూర్చుని ఒళ్లో ప్లాస్టిక్ కవరు పెట్టుకున్నాడు. దస్తావేజుల జిరాక్సులు. పెనుకొండ ప్రాంతంలో రోడ్డు పక్కన కొరియా అక్షరాల బోర్డులు నాకింకా వింతే. ఎర్రమంచి కియా ఫ్యాక్టరీలో కార్లు తయారవడం 2019లోనే మొదలైనా సరే. వాటినే చూస్తుంటే "ఈడ భూమి ధర ఎంతుండాదో తెలుసునా?" అన్నాడు. ఆయన పొలం ఏదో కొత్త రోడ్డుకు పోయిందట.

"2013 భూసేకరణ చట్టంతో పరిహారం బాగానే వస్తుంది కదా పెద్దాయనా" అన్నాను, పేపర్ చదివిన తెలివితో. పల్లెల్లో మార్కెట్ విలువను రెండు రెట్ల దాకా పెంచొచ్చు, దానిమీద నూరు శాతం సొలేషియం, అంటే బలవంతంగా భూమి తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే సొమ్ము. ఆయన నవ్వాడు.

"ఆ మార్కెట్ విలువ యాడ్నుంచి తెస్తారప్పా?"

మెలికంతా అక్కడే. చుట్టుపక్కల మూడేళ్ల రిజిస్ట్రేషన్లు తీసి, అందులో ఎక్కువ ధర పలికిన సగానికి సగటు కడతారు. సర్కారు పుస్తకంలోని విలువ అంతకన్నా ఎక్కువుంటే అదే లెక్క. కానీ స్టాంపు డ్యూటీ మిగులుతుందని దస్తావేజులో తక్కువ రాయించి, మిగతాది చేతిలో పెట్టడం మన దగ్గర ఎప్పటి అలవాటో! "కొన్నోడు రాయించె, అమ్మినోడు ఒప్పుకొనె. నేను సెంటు భూమి అమ్మలేదు. వాళ్లు రాసుకున్న రేటు నా పొలానికి పడె."

ఇటు ధరలు పెరగడంలో బెంగళూరు గాలి చాలానే ఉంది. 2008లో దేవనహళ్లి విమానాశ్రయం తెరిచాక వెంచర్ల బోర్డులు ఈ హైవే వెంట మెల్లగా మనవైపు పాకాయి. ఆ విమానాశ్రయం పక్కనే 1,777 ఎకరాల సేకరణను, రైతులు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 జులైలో కర్ణాటక ప్రభుత్వం వదులుకుంది. నేను చెప్పబోతే ఆయనకు ముందే తెలుసు.

"ఆడ పదమూడు ఊర్లు ఒకటైనాయి. మాది ఒక్క ఊరే, దాంట్లోనే రెండు పార్టీలు."

పెనుకొండలో ఆయన దిగిపోయాడు. మిగతా దారి ఎలా గడిచిందో గుర్తులేదు. హిందూపురంలో దిగగానే నాన్నకు ఫోన్ చేసి, అనంతపురంలో మన ప్లాటు దస్తావేజులో ఎంత రాయించినారని అడిగాను.

"ఎందుకు? ఎవరన్నా బేరానికొచ్చినారా?" అన్నాడు ఆశగా.